ఆషాఢంలో కరివేపాకు

పెనం మీద దోసె మాడి పొగలొస్తున్నా రచనకి తెలియనే లేదు! మెయిల్‌బాక్స్‌లోంచి తెచ్చిన కవరు చించి, అందులో కాయితం చూస్తూ నిలబడిపోయింది. ఇంటర్వ్యూ! భార్యాభర్తలిద్దరూ రావాలట. వచ్చే నెల, పొద్దున్నే, అట్లాంటా ఇమిగ్రేషన్ ఆఫీసుకి... గ్రీన్‌కార్డు దరఖాస్తు పంపి ఏడాది దాటింది. చాలామందికి అసలు పిలుపే రాదు, కార్డు నేరుగా పోస్టులో వచ్చేస్తుంది, మీకూ అంతే అని అందరూ ధైర్యం చెప్పారు. తీరా చూస్తే తనకే వచ్చింది! మంచి జరగాల్సినప్పుడు ఆలస్యంగానూ, భయం రావాల్సినప్పుడు ముందుగానూ రావడం తన జాతకంలోనే ఉందేమో అనుకుంది.

"అమ్మాయ్, దోసె వేస్తున్నావా, హోమం చేస్తున్నావా?" హాల్లోంచి అత్తగారు జానకీదేవి గొంతు.

రచన గబగబా స్టవ్ కట్టేసి, కవరుని పప్పుడబ్బా వెనక్కి నెట్టేసింది. తరవాత తనకే సిగ్గేసింది. అత్తగారి దగ్గర దాచాల్సిన కాయితమేం కాదది. దాచాల్సింది వేరే ఉంది. నాలుగేళ్ళుగా దాస్తున్నది... ఆ ఇంటర్వ్యూలో అదెక్కడ బయట పడుతుందోనన్నదే ఆమె గుండెదడ!

రచనది జగిత్యాల. ఎమ్మెస్ చదవడానికి అట్లాంటా వచ్చింది. రెండో సెమిస్టర్‌లో ఉండగా అనిరుధ్ పరిచయమయ్యాడు. అతను ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఈ దేశపు పౌరుడు. వాళ్ళ నాన్నగారు గౌరీశంకర్ ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట రాజమండ్రి నించి వచ్చి అల్ఫారెట్టాలో ఇల్లు కట్టుకున్న ఇంజనీరు. రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి, జ్యేష్ఠమాసంలో గుడిలో పెళ్ళయింది. సిటిజన్‌ని చేసుకుంటే గ్రీన్‌కార్డు వస్తుంది, నిజమే. కానీ పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా ఇస్తే అది షరతుల కార్డు, రెండేళ్ళకే పనికొస్తుంది. ఆ గడువు తీరేలోగా మొగుడూ పెళ్ళాం కలిసి మళ్ళీ అర్జీ పెట్టుకుని, మాది కార్డు కోసం కట్టిన తాళి కాదు, నిజం కాపురమేనని రుజువు చేసుకోవాలి. అప్పుడే పక్కా కార్డు. రచన పంపిన దరఖాస్తు అదే. నమ్మకపోతే... ఆ తరవాత మాట రచన ఎప్పుడూ మనసులో కూడా పూర్తి చేసుకోలేదు. మూడేళ్ళ కూతురు ఇషా ఇక్కడ పుట్టింది కనక ఇక్కడి పిల్ల. పిల్ల ఈ దేశానిది, తల్లి కాదు! ఆ ఒక్క ముక్క గుర్తొస్తే చాలు, కంచం ముందు నించి లేచిపోయేది.

ఆ సాయంత్రం లాయర్ నిధి ఫోన్‌లో ఫైలంతా తిరగేసి, అన్నీ బాగున్నాయి అంటూనే ఒకచోట ఆగింది. ఇల్లు, బ్యాంకు, ఇన్సూరెన్స్, పాప పుట్టిన సర్టిఫికెట్ అన్నిట్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కానీ పెళ్ళయిన రెండు వారాలకే పెళ్ళికూతురు అడ్రస్ మారింది, నెల తరవాత మళ్ళీ వెనక్కి వచ్చింది, ఇదేంటి, కచ్చితంగా అడుగుతారు అంది.

అదేంటో రచనకి తెలుసు. ఆషాఢం!

ఇండియాలో వాళ్ళు మర్చిపోతే మర్చిపోనీ, మనం మర్చిపోకూడదు అనేది జానకీదేవి పట్టుదల. ఆవిడ ఊరు వదిలినప్పుడు అక్కడి ఆచారాలు ఎలా ఉన్నాయో, ఆవిడ దగ్గర ఇప్పటికీ అలాగే, డబ్బాలో పెట్టిన పసుపుకొమ్ముల్లా పదిలంగా ఉన్నాయి. కొత్త కోడలు మొదటి ఆషాఢం అత్తగారింట్లో ఉండకూడదు, మొగుడి మొహం చూడకూడదు అంది. జగిత్యాలలో తల్లి ఈ సంగతి విని ఫోన్‌లోనే నవ్వింది. "గిక్కడ మా గల్లీలనే ఎవలూ పట్టించుకుంటలేరు బిడ్డా. అమెరికాల గింత గట్టిగున్నదా ఆషాఢం?" అంది. పుట్టింటికి వెళ్ళమంటే పుట్టిల్లు సముద్రాల అవతల ఉంది. అందుకని పక్క ఊరు కమ్మింగ్‌లో ఉన్న చిన్నమ్మ నళిని ఇంటికి పంపారు. పంపేముందు జానకీదేవి దేవుడి గదిలో దీపం వెలిగించి, రచన కుడిచెయ్యి తన చేతిలో వేయించుకుని మాట తీసుకుంది. ఈ నెల దాటేదాకా మీ ఇద్దరూ కలవకూడదు, వాడు మగవాడు, ఆగలేకపోవచ్చు, నీ మీదే నా నమ్మకం అని. రచన సరే అంది.

పైగా భయస్తురాలాయె! స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలి అని యూనివర్సిటీలో చెప్పింది ఆమెకి వేదవాక్కు. లోకంలో ఏ పెళ్ళికూతురూ చెయ్యని పని చేసింది. ఆషాఢానికి చిన్నమ్మ ఇంటికి వెళ్ళి, ఆ అడ్రస్‌ని బుద్ధిగా గవర్నమెంటు రికార్డులో ఎక్కించింది! శ్రావణం రాగానే తిరిగొచ్చి మళ్ళీ మార్పించింది. చిన్నమ్మ అప్పుడే నెత్తి కొట్టుకుంది. "అత్తకి మాటిచ్చినవు సరే, అమెరికా సర్కారుకి గూడ ఆషాఢం జెప్పినవా, పిచ్చిదానా?" అని.

మొదటి గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. నిండు నెలల పొట్టతో ఆయాసపడుతూ వచ్చిన అమ్మాయిని చూసి ఆ ఆఫీసరు కుర్చీ జరిపి, నీళ్ళిచ్చి, నాలుగు ప్రశ్నలతో పంపేశాడు. ఇప్పుడు ఆ పొట్ట లేదు, రికార్డు మాత్రం ఉంది.

"దీనికింత భయమేంటి?" అన్నాడు అనిరుధ్, ఫోన్ పెట్టేశాక. "ఉన్నది చెప్పేద్దాం. అడ్రస్ మారింది, కానీ రోజూ సాయంత్రం నేనొచ్చాను. లేక్ దగ్గర కూర్చున్నాం. మీ చిన్నమ్మావాళ్ళు ఫ్లోరిడా ట్రిప్‌కి వెళ్ళి ఇంటి తాళాలు మనకిచ్చినప్పుడు..."

"చాలు," అంది రచన, మొహం ఎర్రబడి.

అవును, మాట తప్పింది! రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి చిన్నమ్మ ఇంటి మలుపులో అతని కారు. పక్కసీట్లో ఎప్పుడూ ఒక కరివేపాకు ప్యాకెట్. ఇంట్లో ఏం చెప్పి వస్తున్నావని అడిగితే, కరివేపాకు తేవడానికని నవ్వేవాడు. ఆ నెలంతా ఆ కారులో ఆ ఆకు వాసనే! రచన జీవితంలో అంత సంతోషం ఇంకెప్పుడూ ఎరగదు. దొంగతనం లాంటి సంతోషం. తన మొగుణ్ణే తను దొంగతనంగా కలుసుకోవడం... తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది. ఎందుకంటే ఆ శ్రావణంలోనే, వరలక్ష్మీవ్రతానికి తోరాలు కడుతూ ఉండగా, మామగారు గౌరీశంకర్ గుండె పట్టుకుని సోఫాలో ఒరిగిపోయారు. మళ్ళీ లేవలేదు. జానకీదేవి ఏడవలేదు, రాయిలా కూర్చుని ఒక్క మాటే అంది. "ఏ నియమం తప్పితే ఏ తప్పు తగిలిందో..."

ఆ మాట బాణంలా వచ్చి రచన గుండెలో దిగింది! దీపం ముందు ఇచ్చిన మాట తప్పింది తనే కదా. ఆ సంగతి తెలియక పాపం ఆవిడ ఆకాశాన్ని అడుగుతోంది. ఆ తరవాత రచన కాలేజీకి వెళ్ళలేదు. అత్తగారిని ఒంటరిగా వదిలి ఎలా వెళ్ళనని కొన్నాళ్ళు, కడుపుతో ఉన్నానని కొన్నాళ్ళు, పాలుతాగే పిల్లని కొన్నాళ్ళు... ఎమ్మెస్ సగంలో ఆగిపోయింది. అందరూ ఎంత మంచి కోడలో అన్నారు. అది మంచితనం కాదని, చెల్లిస్తున్న జరిమానా అని ఆమెకొక్కదానికే తెలుసు.

"అత్తయ్యకి తెలిస్తే నా మొహం చూడరు," అంది. "మామయ్యగారు నా వల్లే పోయారని అనుకుంటారు. మనం ఫోన్‌లో మాట్లాడుకున్నాం, కలవలేదు అని చెబుదాం."

అనిరుధ్ మొహంలో నవ్వు పోయింది. "ప్రమాణం చేసి అబద్ధం చెబుదామా? నువ్వొకటి, నేనొకటి అంటే? ఫైలంతా పోతుంది రచనా. నిన్ను పంపించేస్తారు. ఇషా ఏమవ్వాలి? నేనేమవ్వాలి?"

రచనకి అటు చూస్తే అత్తగారి మనసు, ఇటు చూస్తే తన కూతురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనేమో! చివరికి ఒక ఆశ దొరికించుకుంది. అత్తగారు ఆఫీసు దాకా వచ్చినా పిల్లని పెట్టుకుని బయటే కూర్చుంటారు, లోపల ఏం చెప్పినా ఆవిడ చెవిన పడదు. తలుపు వెనక నిజం చెప్పేసి, ఇంటికొచ్చి ఎప్పట్లాగే నోరు మూసుకుంటే చాలు...

ఆ రోజు రానే వచ్చింది! తెల్లారకముందే ఇల్లంతా పెళ్ళివారిల్లులా ఉంది. ఆల్బమ్‌లు, బిల్లులు, గడువు దాటిన కార్డూ, దానికిచ్చిన పొడిగింపు కాయితమూ అన్నీ మూడుసార్లు సర్దారు. జానకీదేవి పట్టుచీర కట్టుకుని తయారై, ఎవరూ అడగకుండానే కోడలి నుదుటిన బొట్టు పెట్టి, నోట్లో చెంచాడు పెరుగూ పంచదారా పెట్టింది. ఆ తీపి గొంతు దిగుతుంటే రచనకి కళ్ళు చెమర్చాయి. ఈ చెయ్యి రేపు కూడా ఇలాగే పెడుతుందా?

ఆఫీసులో పేరు పిలిచారు. తలుపు దగ్గర నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆఫీసరమ్మ నిలబడి నవ్వుతోంది. ఇద్దరూ లేచి నాలుగడుగులు వేశారో లేదో, వెనక నించి ఇషా కేకలు! "మమ్మీ, డోంట్ గో! నేనూ వస్తా!" నానమ్మ ఒడిలోంచి జారి, నేల మీద పడి దొర్లుతోంది. హాలంతా తిరిగి చూసింది. తల్లి దగ్గరికి వెళితే నానమ్మ కావాలంది, నానమ్మ ఎత్తుకుంటే తల్లి కావాలంది. ఆఫీసరమ్మ రెండు నిమిషాలు చూసి, సరే, అందరూ లోపలికి రండి అంది, మామ్మగారు మూలన పిల్లని పెట్టుకుని కూర్చోవచ్చు అంది.

రచన పట్టుకున్న ఒక్క ఆశా, కన్నకూతురి గొంతుతోనే, పుటుక్కున తెగిపోయింది.

కుడిచెయ్యి ఎత్తమన్నారు. నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. అదే కుడిచెయ్యి! నాలుగేళ్ళ కిందట దీపం ముందు అత్తగారి చేతిలో వేసిన చెయ్యి. ఆ చేతిని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. మూలన జానకీదేవి పిల్లకి చేతిసంచీలోంచి జంతికముక్కలు తీసి పెడుతోంది. ప్రశ్నలు మొదలయ్యాయి. ఎక్కడ కలిశారు, పొద్దున ముందు ఎవరు లేస్తారు, వంటెవరు చేస్తారు... వంట గురించి అనిరుధ్ నేనే అనగానే మూల నించి జానకీదేవి దగ్గింది. ఆఫీసరమ్మకి కూడా నవ్వొచ్చింది. అంతా బాగానే సాగుతోంది. అప్పుడావిడ కంప్యూటర్ తెర వైపు వంగి, కళ్ళజోడు సర్దుకుంది.

పెళ్ళైన రెండు వారాలకే మీరు వేరే ఇంటికి మారారు, ఎందుకని రచనని అడిగింది.

రచన చెప్పింది. మా వాళ్ళకో నెల ఉంది, ఆ నెలలో కొత్త జంట విడిగా ఉండాలి, అందుకని చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను, స్టూడెంట్‌ని కనక అడ్రస్ మార్చాను అని. ఇంగ్లీషు తడబడింది గానీ మాట తడబడలేదు. ఆఫీసరమ్మ తల ఊపింది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

మరి ఆ నెలంతా మీరిద్దరూ కలుసుకోలేదా?

మూలన ఇషా జంతిక నములుతోంది. అనిరుధ్ ఆమె వైపు చూస్తున్నాడు. నువ్వే చెప్పు, నువ్వేదంటే నేనూ అదే అన్నట్టుంది ఆ చూపు. లోపల నిజం చెప్పేద్దామనే అనుకున్నారు ఇద్దరూ, కానీ అప్పటి లెక్కలో అత్తగారు ఈ గదిలో లేరు. కలవలేదు అనే ఒక్క మాట చాలు. అత్తగారి ముందు పరువు దక్కుతుంది. కానీ ఈ చేత్తోనే ప్రమాణం చేసి ఒకసారి తప్పింది. దాని ఫలం నాలుగేళ్ళుగా మోస్తోంది. మళ్ళీ తప్పుతుందా? ఆ అబద్ధం పునాది మీద ఇషాని పెంచుతుందా? లేదు, ఇంక తన వల్ల కాదు!

"కలుసుకున్నాం," అంది రచన. "రోజూ సాయంత్రం. మా అత్తగారికి కలవనని మాటిచ్చాను. అయినా కలిశాను. ఆవిడకి ఈ సంగతి తెలియదు. ఇప్పుడే వింటున్నారు."

కన్నీళ్ళు జలజలా రాలిపోయాయి. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. ఆఫీసరమ్మ టిష్యూ డబ్బా ఇటు తోసి, మూల వైపు చూసింది. మామ్మగారూ, మీకు నిజంగా తెలియదా అని అడిగింది.

జానకీదేవి పిల్ల మూతి తుడిచి, తీరిగ్గా తలెత్తింది. ఫార్మసీలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఇంగ్లీషుకి వెతుక్కోనక్కర్లేదు. "మేడమ్," అంది, "ఈ ఆచారం ఎందుకు పెట్టారో మీకు తెలుసా? ఆ నెలలో కడుపు పండితే బిడ్డ ఎండలు ముదిరే వేళకి పుడుతుందని. వెనకటి రోజుల్లో ఆ ఎండలకి తల్లీపిల్లా తట్టుకోలేకపోయేవారు. మా మనవరాలు సరిగ్గా ఆ వేళకే పుట్టింది. వీళ్ళు నాతో నెల తక్కువ పిల్ల అన్నారు. ఎనిమిది పౌండ్ల పిల్ల! నేను మందులమ్మినదాన్ని. నాకు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం రాదా?"

ఆఫీసరమ్మ నవ్వింది చూడండి... కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు! అనిరుధ్ చెవులు మిరపపళ్ళలా ఎర్రబడ్డాయి. ఇషా ఏమీ అర్థం కాకుండానే చప్పట్లు కొట్టింది. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఆఫీసరమ్మ ఫైలు మూసేసింది. నా వైపు నించి అంతా సరే, పదేళ్ళ కార్డు పోస్టులో వస్తుంది అంది. తలుపు దగ్గర ఆగి, పిల్ల బుగ్గ తట్టి, మీ నానమ్మకంటే గట్టి రుజువు ఇన్నేళ్ళలో నేను చూడలేదు అని కూడా అంది!

కార్లో కూర్చున్నారు. కార్డు వచ్చినట్టే! ఎగిరి గంతెయ్యాల్సిన సమయం! కానీ రచన వెనకసీట్లో అత్తగారి పక్కన కూర్చుని, వంగి, ఆవిడ పాదాల వైపు చెయ్యి చాపింది. జానకీదేవి ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది.

"నాకు ముందు లెక్క చెప్పింది పిల్ల పుట్టుక కాదే," అంది మెల్లగా. "కరివేపాకు. ఫ్రిజ్‌లో గుట్టలు పడి ఉంటే, మీ మామయ్యగారు రోజూ సాయంత్రమయ్యేసరికి, ఒరేయ్ అనిరుధ్, కరివేపాకు అయిపోయింది తెమ్మని వీణ్ణి తరిమేవారు. పదిరోజులు చూసి నిలదీశాను. ఆయన నవ్వారు. జానకీ, మన ఆషాఢంలో నేను సైకిలేసుకుని గోదావరి గట్టు దాకా రోజూ ఎందుకొచ్చానో మర్చిపోయావా అన్నారు. ఇంక నేనేం మాట్లాడతాను?"

రచన నిర్ఘాంతపోయింది. స్టీరింగ్ మీద చేతులతో అనిరుధ్ కూడా అలాగే అయిపోయాడు. నాన్న తనని కాపాడుతున్నారని అతనికీ తెలియదు! నాన్నకి మతిమరుపు, తనకి అదృష్టం అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"మరి... మామయ్యగారు పోయినప్పుడు మీరన్నారు కదా అత్తయ్యా," అంది రచన. "ఏ నియమం తప్పితే అని... నా వల్లేనని నేను..."

జానకీదేవి ఆమె మొహంలోకి చూసింది. నాలుగేళ్ళూ ఈ పిల్ల ఎందుకిలా నీడలా తిరుగుతోందో, కాలేజీ మాటెత్తితే ఎందుకు మాట మార్చేస్తోందో, అన్నీ ఒక్కసారిగా ఆవిడకి అర్థమయ్యాయి. ఆ గట్టి మొహం మెల్లగా చెదిరింది. "పిచ్చి తల్లీ... ఆ మాట నన్ను నేను అనుకున్నాను. గుండెకి స్టెంట్ వేయించుకోమని డాక్టరు పెళ్ళికి ముందే చెప్పాడు. పెళ్ళయ్యాక చూద్దామన్నారాయన. నేను సరేనన్నాను. మందులషాపులో ఊరందరికీ చెప్పేదాన్ని, నా మొగుడికి గట్టిగా చెప్పలేకపోయాను. నేను తప్పిన నియమం అది. నువ్వు... ఇన్నాళ్ళూ నా బరువు నువ్వు మోశావా?"

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు! మామగారు పోయిన రోజు రాని ఏడుపు, నాలుగేళ్ళుగా లోపలే ఆగిపోయిన ఏడుపు, ఇప్పుడు కట్ట తెగినట్టు వచ్చింది జానకీదేవికి. కార్‌సీట్లో ఇషా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మిగిలిన జంతికముక్క నానమ్మ నోటి దగ్గర పెట్టింది.

"ఈ ఫాల్ సెమిస్టర్‌కి కాలేజీలో చేరు," అంది జానకీదేవి కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఆగినచోటి నించే. పిల్లని నేను చూసుకుంటాను. ఇది అడగడం కాదు, చెప్పడం."

రచన తలూపింది. గుండెలో ఏదో పక్షి రెక్కలు టపటపలాడించినట్టుంది. పరిగెత్తాలనిపించింది, నవ్వాలనిపించింది, జగిత్యాలకి ఫోన్ చేసి అమ్మా అని అరవాలనిపించింది!

అల్ఫారెట్టా ఎగ్జిట్ దాటగానే జానకీదేవి ఇండియన్ స్టోర్ దగ్గర కారు ఆపమంది. ఏం కావాలమ్మా అన్నాడు అనిరుధ్.

"కరివేపాకు."

"ఇంట్లో ఉందిగా."

"ఉంటే ఏం? మీ నాన్న ఉంటే ఈ పూట తెమ్మనేవారు. ఇద్దరూ వెళ్ళి రండి. తొందరేం లేదు, నేనూ పిల్లా కార్లో ఉంటాం."

ఇద్దరూ దిగారు. పార్కింగ్ లాట్ దాటుతూ అనిరుధ్ చెయ్యి చాపాడు, రచన పట్టుకుంది. వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూడాలా వద్దా అని ఒక్క క్షణం అలవాటుగా బెదిరి, మళ్ళీ నవ్వుకుని, ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నానమ్మా," అంది ఇషా అద్దంలోంచి చూస్తూ, తన అమెరికా యాసలో, "వై ఆర్ దే హోల్డింగ్ హ్యాండ్స్?"

"కరివేపాకు బరువెక్కువ కదమ్మా," అంది జానకీదేవి. "ఇద్దరు కావాలి."